కొత్త ఓపెన్‌సీవీ బిల్డ్ చేస్తే చాలా? ఆర్‌ఓఎస్ దాన్నే వాడుతుందా?

ఉబుంటు 20.04 మీద ఆర్‌ఓఎస్ నోయెటిక్ (రోబోలు నడిపే సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్ల మధ్య, కెమెరా చిత్రాలను ప్రాసెస్ చేసే ఓపెన్‌సీవీ లైబ్రరీ గురించి ఒక సలహా తెగ తిరుగుతోంది. "ఓపెన్‌సీవీ 4.8 కావాలంటే పాత 4.2ని ఏపీటీతో పీకేయండి. సోర్స్ నుంచి కొత్తది బిల్డ్ చేసి సుడో మేక్ ఇన్‌స్టాల్ కొట్టండి. పాత ఫైల్ దొరకలేదని ఎర్రర్ వస్తే సింలింక్ పెట్టండి. ఇక ఆర్‌ఓఎస్ కొత్తదాన్నే వాడుతుంది." ఇందులో సోర్స్ నుంచి బిల్డ్ చేయమన్న మాట ఒక్కటే నిలబడుతుంది, అదీ సగమే.

"పాతది పీకేయండి." ఏపీటీ (ఉబుంటు ప్యాకేజీ మేనేజర్) ఊరికే తీసేయదు, దాంతోపాటు పోయే ప్యాకేజీల జాబితా చూపిస్తుంది. అందులో ఆర్‌ఓఎస్ చిత్రాలను ఓపెన్‌సీవీకి అందించే సీవీ బ్రిడ్జ్, చిత్రాలను సరిదిద్దే ఇమేజ్ ప్రాక్ అన్నీ ఉంటాయి. జాబితా చదవకుండా వై నొక్కితే కెమెరాకు సంబంధించిన ఆర్‌ఓఎస్ సగం ఊడిపోతుంది. అసలు తీయాల్సిన అవసరమే లేదు. డిస్కులో రెండు వెర్షన్లు పక్కపక్కనే హాయిగా ఉంటాయి. రెండూ ఒకే ప్రాసెస్‌లోకి లోడ్ అయినప్పుడే గొడవ.

"మేక్ ఇన్‌స్టాల్ కొడితే ఆర్‌ఓఎస్ కొత్తదాన్నే వాడుతుంది." అసలు పొరపాటు ఇక్కడుంది. కొత్తది యూఎస్ఆర్ లోకల్ (/usr/local) ఫోల్డర్‌లో పడుతుంది. బిల్డ్ టూల్ సీమేక్ ముందు అక్కడే వెతుకుతుంది కాబట్టి మీ కోడ్‌కు 4.8 దొరుకుతుంది, సలహా పనిచేసినట్టే అనిపిస్తుంది. కానీ ఏపీటీ ఇచ్చిన సీవీ బ్రిడ్జ్ ముందే 4.2తో లింక్ అయి వచ్చింది. మీరు ఏం ఇన్‌స్టాల్ చేసినా అది 4.2నే అడుగుతుంది. అలా మీ నోడ్‌లో (ఆర్‌ఓఎస్ కింద నడిచే మీ ప్రోగ్రామ్‌లో) రెండూ చేరతాయి. ఈ రెండు వెర్షన్లకూ పొసగకపోవచ్చని లింకర్ హెచ్చరిస్తుంది, కానీ బిల్డ్ వంద శాతం అయింది కదా అని ఎవరూ పట్టించుకోరు. తర్వాత మొదటి ఫ్రేమ్ రాగానే సెగ్‌ఫాల్ట్, అంటే మెమరీ తప్పుతో క్రాష్. ఒక్కోసారి క్రాష్ కాకుండా నడిచిపోతుంది, నన్నడిగితే అదే ఎక్కువ టెన్షన్.

దీనికి మందు సీవీ బ్రిడ్జ్ సోర్స్‌ను మీ వర్క్‌స్పేస్‌లోకి తెచ్చుకుని, ఓపెన్‌సీవీ డైరెక్టరీ ఎక్కడుందో సీమేక్‌కు చెప్పి, పాత బిల్డ్ ఫోల్డర్ చెరిపేసి మళ్లీ కట్టడం. చెరపకపోతే సీమేక్ క్యాష్‌లో పాత దారే ఉండిపోతుంది. అక్కడితో అయిపోదు. చిత్రాలు పంపే ఇమేజ్ ట్రాన్స్‌పోర్ట్ ప్యాకేజీతో ఒక టాపిక్ (సందేశాలు వెళ్లే చానెల్) అడ్వర్టైజ్ చేయగానే అది తనకు దొరికిన ప్లగిన్లన్నీ మీ ప్రాసెస్‌లోకి లాగుతుంది, కంప్రెస్డ్ ప్లగిన్‌తో సహా. మీరు కంప్రెస్డ్ ఇమేజ్ అడగకపోయినా సరే, ఆ ప్లగిన్ వెంట 4.2 లోపలికి వస్తుంది. కాబట్టి దాన్నీ సోర్స్ నుంచే కట్టాలి. ఒకే నోడ్‌లెట్ మేనేజర్ కింద, అంటే ఒకే ప్రాసెస్‌లో నడిచే ఇమేజ్ ప్రాక్ లాంటివీ అంతే.

"సింలింక్ పెట్టండి." 4.2 పేరుతో 4.8 ఫైల్‌ను చూపించడం అన్నమాట. లోపలి అమరిక మారిందని చెప్పడానికే ఫైల్ పేరులో ఆ నంబర్ ఉంటుంది. సింలింక్ పెడితే ఎర్రర్ పోతుంది, కారణం పోదు.

ఇంతకీ 4.8 ఎందుకు? చిత్రాల్లో గుర్తుపట్టదగ్గ బిందువులు వెతికే సిఫ్ట్ పద్ధతి పేటెంట్ 2020 మార్చిలో ముగిశాక 4.4 నుంచి అది ప్రధాన లైబ్రరీలోకి వచ్చింది. అది కావాలంటే సరే. ఎన్‌విడియా జీపీయూను వాడుకునే క్యుడా (CUDA) కావాలన్నా సోర్స్ తప్పదు, ఉబుంటు ప్యాకేజీలో అది ఉండదు. ఆరూకో మార్కర్లు (కెమెరా గుర్తుపట్టే నలుపు తెలుపు గడుల గుర్తులు) చదవడానికైతే 4.2 చాలు, రాత్రంతా కంపైల్ చేయక్కర్లేదు. నాలుగు జీబీల జెట్సన్ నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద కోర్లన్నీ వాడి బిల్డ్ చేస్తే మెమరీ చాలక కంపైలర్ మధ్యలోనే చచ్చిపోతుంది.

తప్పదనుకుంటే యూఎస్ఆర్ లోకల్‌లో కాకుండా హోమ్‌లో విడి ఫోల్డర్‌ను ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్‌గా ఇవ్వండి. వద్దనుకున్న రోజు ఆ ఫోల్డర్ తీసేస్తే సరి. కట్టాక ఎల్‌డీడీ (ఫైల్ ఏ లైబ్రరీలతో లింక్ అయిందో చూపే కమాండ్) చూసి ఊరుకోవద్దు, నడిచేటప్పుడు లోడయ్యే ప్లగిన్లు అందులో కనబడవు. నోడ్ నడుస్తుండగా లినక్స్ /proc ఫోల్డర్‌లో దాని మ్యాప్స్ ఫైల్ తెరిచి ఓపెన్‌సీవీ అని వెతకండి. 4.2 ఉన్న పేర్లూ 4.8 ఉన్నవీ రెండూ కనిపిస్తే మీరు ఇంకా కట్టని ప్యాకేజీ ఏదో మిగిలి ఉంది.