ఆటో స్టార్టర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆటో స్టార్టర్ గారి దివ్యసముఖానికి,

నిన్న మధ్యాహ్నమంతా ట్రాక్టర్ ట్రాలీలో, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, మరమ్మతుల షెడ్డు గేటు ముందు గడిపాను. ఈ రబీలో ఇది మూడోసారి. మనిషికి 800 రూపాయల చందా, పంచెకు వదలని నూనె మరక. "మీ ముందు ఇంకా నాలుగున్నాయి" అన్నారు. ఆ తీరికలోనే మీరు గుర్తొచ్చారు.

మీ పనిలో వంక పెట్టడానికి లేదు. కరెంటు రాగానే ఎవరూ చెప్పకుండానే బోరు మోటారు వేస్తారు. చిక్కేమిటంటే, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మా 11 మంది డబ్బాల్లోనూ తమరే కొలువున్నారు. పోయిన కరెంటు తిరిగి రాగానే అందరూ ఒక్కసారే 'టక్' మంటారు. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. 25 కేవీఏ మాత్రమే మోయగల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద 11 ఐదు హెచ్‌పీ మోటార్లు ఒకేసారి లేస్తే ఓల్టేజీ చతికిలబడుతుంది. అది పడిపోతే మోటారు తగ్గుతుందా? మోయాల్సిన నీళ్ళు అన్నే ఉన్నాయి కనుక ఇంకా ఎక్కువ లాగుతుంది. లాగినకొద్దీ ఓల్టేజీ ఇంకా పడుతుంది. ఏదో ఒకటి కాలితే తప్ప ఈ తిరగలి ఆగదు. ఇంజినీరింగు చదివే మా అబ్బాయి దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటాడు. మా అమ్మ, పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమంటుంది.

మీ డబ్బాలోనే ఓవర్‌లోడు రిలే అనే బుద్ధిమంతుడు ఒకడున్నాడు. కరెంటు హద్దు మీరితే లోపలి రేకు వేడెక్కి వంగుతుంది, మోటారు ఆగుతుంది. మాటిమాటికీ ఆపుతున్నాడని వాడి నోట్లో వేపపుల్ల కుక్కాం. ఇప్పుడది నల్లబడి, ఒక కొస బొగ్గయింది. ఫ్యూజు సంగతి అడక్కండి, అక్కడ చుట్టిన తీగకు బర్రెను కట్టెయ్యొచ్చు. వద్దనే వాళ్ళ నోళ్ళు నొక్కి, సరే అనే మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్నాం.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు ఇస్తూ, మిమ్మల్ని తీసేయమని ప్రభుత్వం బతిమాలింది. మీరు పగలూ రాత్రీ తోడుతూ ఉంటే బోరు ఊరేది ఎప్పుడు? అయినా ఉంచుకున్నాం. ఎందుకంటే మధ్యమధ్య కరెంటు పోతుంది. ఎందుకు పోతుంది? మీ వల్ల. మీరెందుకు? మధ్యమధ్య కరెంటు పోతుంది కనుక.

పోయిన నెల నేనొక్కణ్ణే మిమ్మల్ని విప్పి పక్కన పెట్టాను. నాలుగు రోజుల్లో నా పై మడి నెర్రెలిచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మిగతా పది మంది చేతుల్లో యథాప్రకారం కాలింది. చందా మాత్రం నాకూ పడింది! ఇదెక్కడి న్యాయమయ్యా? సిగ్గుండక్కర్లేదా నీకు? నీకేం, డబ్బాలో చల్లగా కూర్చుంటావు. ట్రాలీలో ఎండకు మాడేది నేను.

నాన్నతో ఒకసారి అన్నాను, దీన్ని పీకి పారేద్దామని. ఆయన మాట్లాడలేదు. రాత్రి కరెంటు రోజుల్లో, రెండింటికి లేచి టార్చి పట్టుకుని మోటారు వేయడానికి వెళ్ళిన పెదనాన్న తిరిగి రాలేదు. తడిచేత్తో స్టార్టర్ ముట్టుకున్నాడు. ఆ పెద్దకర్మ అయిన మర్నాడే నాన్న పట్నం వెళ్ళి నిన్ను కొనుక్కొచ్చాడు. ఇప్పటికీ దసరాకు నీ డబ్బాకే ముందు బొట్టు పెడతాడు. ఆ బొట్టు చూశాక నిన్ను తిట్టడానికి నోరు పెగలదు.

ఈ సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, ఎక్కించాం. ఇకమీదట ఆటో వాడం, ఒకరి తరువాత ఒకరం చేత్తో వేసుకుంటామని 11 మందిమీ గట్టు మీది వేపచెట్టు కింద ఒట్టేసుకున్నాం. లైన్‌మన్ ఇప్పుడే కరెంటు ఇచ్చాడు. చీకట్లో ఒక్కసారిగా 'టక్' మన్న చప్పుళ్ళు. ఎర్రలైట్లు లెక్కపెట్టాను.

నాదానితో కలిపి 11.

ఇట్లు,
నాలుగోసారి చందాకు సిద్ధంగా ఉన్న
తమ యజమాని