నివాళికి ముందు నేరం ఒప్పుకోండి

గూగీ వా థియాంగో 2025 మే 28న కన్నుమూశారు. సొంత దేశం కెన్యాలో కాదు, అమెరికాలో. అధ్యక్షుడు రూటో సంతాపం తెలిపారు. సంతాపం సరే, ఆ రచయిత పరాయి దేశంలో ఎందుకు ముసలివాడయ్యాడో ముందు చెప్పాలి.

1977ను ఎవరూ మరిచిపోకూడదు. ఆ జులైలో, స్వాతంత్ర్యం తర్వాత గద్దెనెక్కినవారిని దులిపేసిన గూగీ ఇంగ్లిష్ నవల వెలువడింది. దాన్ని ఆవిష్కరించింది ఆర్థిక మంత్రి మ్వాయి కిబాకి! అదే ఏడు, అదే ఆగ్రహం ఆయన అమ్మభాష గికుయులో నాటకమైంది. లిమురు దగ్గరి కమిరీతు ఊళ్లో రైతులు, కూలీలే వేషాలు కట్టారు. కొద్ది వారాలకే ప్రభుత్వం అనుమతి రద్దు చేసింది. ఏడాది చివర్లో గూగీని అరెస్టు చేసి, విచారణ లేకుండా ఏడాది పాటు నైరోబీ దగ్గరి ‘కమిటి’ అనే జైల్లో ఉంచింది. ఇంగ్లిష్‌లో తిడితే మంత్రి చేత ఆవిష్కరణ, గికుయులో తిడితే చెరసాల. పాలకులకు విమర్శ భయం కాదు, అది కూలివాడికి అర్థం కావడమే భయం.

ఈ బుద్ధి తెల్లవాళ్లు నేర్పిందే. 1952లో బ్రిటిష్ పాలకులు అత్యవసర పరిస్థితి విధించాక బడులన్నీ ఇంగ్లిష్ పాలయ్యాయి. గికుయు మాట్లాడుతూ దొరికిన పిల్లవాడికి బెత్తం దెబ్బలు, లేదా ‘నేను గాడిదను’ అని రాసిన రేకు మెడలో. ఉదయం ఒకడి చేతికి గుండీ ఇచ్చేవారు. అమ్మభాష మాట్లాడినవాడికి అతను దాన్ని అంటగట్టాలి. సాయంత్రానికి అది ఎవరి దగ్గరుంటే వాడు తనకు ఇచ్చినవాడి పేరు చెప్పాలి, అలా ఒకడి వెనుక ఒకడు దోషులందరూ బయటపడేవారు. తోటివాడి మీద చాడీ చెప్పడం పిల్లలకు చదువులో భాగమైపోయింది. పెద్దలదీ అదే దారి: 1962లో ఉగాండాలోని మకెరెరే విశ్వవిద్యాలయంలో జరిగిన ఆఫ్రికా రచయితల సదస్సు ఇంగ్లిష్‌లో రాసేవారికే. స్వాహిలీ మహాకవి షాబాన్ రాబర్ట్‌కు అందులో చోటు లేదు.

నలభైకి పైగా భాషలున్న దేశాన్ని ఇంగ్లిషే కలిపి ఉంచుతుందనేవారున్నారు. మరి దేశమంతటా మాట్లాడే స్వాహిలీ ఎందుకున్నట్టు?

తెల్లదొర వెళ్లాక ఆ బెత్తాన్ని నల్లదొర అందుకున్నాడు. కమిరీతు ప్రజలు తమ చేతులతో కట్టుకున్న ఆరుబయటి రంగస్థలాన్ని 1982లో పోలీసులు నేలమట్టం చేశారు. గూగీ ప్రవాసం ఆ ఏడాదే మొదలైంది.

ఇది ఎక్కడో కెన్యా గొడవ అనుకోవద్దు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడి, తెలుగు మాట్లాడిన పసివాళ్ల మెడలో ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీసింది. వాటిని రాయించింది ఏ ఆంగ్లేయుడూ కాదు. కమిటి జైల్లో మరుగుదొడ్డి కాగితం మీద గూగీ రాసిన గికుయు నవల, వరవరరావు జైల్లో చేసిన అనువాదంతో తెలుగైంది. దాన్ని చదివి చప్పట్లు కొట్టిన మనం మన బడి గుమ్మం దగ్గర నోరు మూసుకున్నాం.

2010 కెన్యా రాజ్యాంగం దేశీ భాషలను ప్రోత్సహిస్తామని రాసుకుంది. అది మాటగానే మిగలకూడదంటే, రూటో ప్రభుత్వం ముందు 1977 నిర్బంధం నేరమని పార్లమెంటు సాక్షిగా ఒప్పుకోవాలి. కూల్చిన చోటే రంగస్థలం కట్టించాలి. ఆపిన నాటకాన్ని అక్కడే గికుయులో ఆడించి, మంత్రులంతా వచ్చి నేల మీద కూర్చుని చూడాలి. అంతవరకు గూగీ పేరెత్తే అర్హత వారికి లేదు.