హెచ్‌పీఎల్‌సీ, హెచ్‌పీసీఎల్, మా బావమరిది

మా బావమరిది పరవాడ ఫార్మాసిటీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు. పద్నాలుగేళ్లుగా హెచ్‌పీఎల్‌సీ మీద పని. మాత్రలో మందు ఎంత, మలినం ఎంత అని కొలిచే మిషన్ అది. ఆ సంగతి తెలియకపోవడం నేరమేమీ కాదు, నాకూ మొన్నటిదాకా తెలీదు. కానీ ద్వారకానగర్‌లోని ఒక రిక్రూట్‌మెంట్ కన్సల్టెన్సీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, "సర్, మీకు హెచ్‌పీసీఎల్‌లో పద్నాలుగేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది కదా, మా క్లయింట్ చాలా ఇంప్రెస్ అయ్యారు" అనేసరికి వాడు అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆపేశాడు.

విశాఖలో పెరిగిన పిల్లకి ఆ నాలుగక్షరాలు ఏ వరసలో కనబడినా మల్కాపురంలోని హెచ్‌పీసీఎల్ పెట్రోల్ రిఫైనరీయే గుర్తొస్తుంది. ఊరి మీద అభిమానం అని సరిపెట్టుకున్నాం.

"ఏటి బావా, వెళ్దామా?" అన్నాడు. ఆర్నెల్లుగా నిద్ర చాలని కళ్లతో డేటా అనలిటిక్స్ కోర్సు చదువుతున్నాడు. సరే, వెళ్లాం. కింద జిరాక్స్ షాపు, మెట్ల పొడుగునా గ్రూప్స్ కోచింగ్ పోస్టర్లు, రెండో అంతస్తులో ఆఫీసు. నాలుగు కుర్చీలు, పాలిథిన్ కవరు విప్పని ఏసీ రిమోటు, గోడ మీద సూట్లు వేసుకుని చేతులు కలుపుతున్న తెల్లదొరల బొమ్మ. కెరీర్ కన్సల్టెంట్ గారికి ఇరవై మూడేళ్లుంటాయి.

"డేటా అనలిస్ట్‌గా రిలవెంట్ ఎక్స్‌పీరియన్స్ ఎంత సర్?"

"లేదండి. అందులోకి మారదామనే వచ్చాను."

"ఓకే సర్. ఎన్నేళ్లు వేసుకోమంటారు?"

"సున్నా అండి."

"సున్నా సిస్టమ్ తీసుకోదు సర్."

పోనీ ఫ్రెషర్ అని వేసుకోమన్నాం. ఆమె వయసు గడి చూసింది. ముప్పై ఎనిమిది. "ఫ్రెషర్‌కి ఇరవై ఎనిమిది దాటకూడదు సర్" అంది, నిజంగానే బాధపడుతూ. అంటే ఫ్రెషర్‌గా చేరడానికి మావాడు పదేళ్లు ముసలివాడు, సీనియర్‌గా చేరడానికి ఇంకా పుట్టలేదు.

ఫారంలో 'ఉద్యోగం ఎందుకు మారుతున్నారు?' అని ఒక గడి, రెండంగుళాలు. మావాడు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్లో పేలుడు జరిగి 17 మంది పోయారు. ఆ రోజు నుంచి వీడు నైట్ షిఫ్టుకి వెళ్తే వాళ్లావిడ ఫోను తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది. 'ఇంట్లో భయపడుతున్నారు' అని రాశాడు. అమ్మాయి మర్యాదగానే దాన్ని కొట్టేసి, పైన 'గ్రోత్ కోసం' అని రాసింది.

"నెగటివ్‌గా రాయకూడదు సర్."

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, ఆమెకీ నెలాఖరు టార్గెట్లుంటాయి. అసలు కిటుకు వేరే ఉంది. మనం వెళ్లి "మాకో ఉద్యోగం చూడండి" అంటాం. వాళ్లు మనిషికి ఉద్యోగం చూడరు, ఉద్యోగానికి మనిషిని చూస్తారు. ఎందుకంటే డబ్బిచ్చేది కంపెనీ. మామూలుగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే సరిగ్గా ఒక నెల జీతం. చేరినవాడు 90 రోజుల్లోపు మానేస్తే ఇంకొకణ్ని ఊరికే వెతికిపెట్టాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. అలాంటప్పుడు, నిన్నటిదాకా మాత్రలు పరీక్షించినవాణ్ని డేటా కుర్చీలో కూర్చోబెట్టే సాహసం ఏ ఏజెన్సీ చేస్తుంది? ఈ ముక్క మెట్ల దగ్గరే బోర్డు రాసి పెడితే మోకాళ్లయినా మిగిలేవి. కంచరపాలెం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో కార్డు రెన్యువల్ చేయించుకున్న తరం మాది. అక్కడా ఉద్యోగం రాలేదు గానీ, అన్నం తినేవేళ ఎవరూ ఫోన్ చేసి ఆశ పెట్టలేదు.

చివర్లో లోపలి గదిలోంచి మేనేజర్ గారు వచ్చారు. ప్రొఫైల్ రీబిల్డింగ్, ఇంటర్వ్యూ గ్రూమింగ్, గ్యారంటీ కాల్స్. రిజిస్ట్రేషన్ ఆరు వేలు, వెనక్కివ్వబడదు.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. కంపెనీ దగ్గర తీసుకునేవాడికి మళ్లీ మన డబ్బెందుకు? మన దగ్గర అడుగుతున్నాడంటే వాడి దగ్గర కంపెనీ లేదని అర్థం. ఉద్యోగం కోసం తిరిగేవాడి జేబులో చెయ్యి పెట్టడానికి సిగ్గుండాలి. ఆరు వేలే కదా అనకండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, డబ్బు కట్టించుకుని, కుర్రాళ్లని కంబోడియా పంపిన ఏజెంట్లని 2024 మేలో పోలీసులు పట్టుకున్నది ఈ ఊళ్లోనే. అక్కడ దిగాక ఆ పిల్లల చేత చేయించింది సైబర్ మోసాలు. కాదన్నవాళ్లకి తిండి పెట్టలేదు, కొట్టారు. విదేశాలకి మనుషుల్ని పంపేవాడికి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి, 30 వేలకి, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ఆ లైసెన్సు నంబరేదని అడిగేదెవరు? గరజున్నవాడు గట్టిగా అడగలేడని వాళ్లకి తెలుసు. ఆ వెధవల పెట్టుబడి అదొక్కటే!

ఆరు వేలు కట్టకుండానే మెట్లు దిగాం. మావాడు ఫార్మా వాడే కాబట్టి కింద షాపులో నా మోకాళ్లకి ఆయింట్‌మెంటు కూడా వాడే ఎంచి ఇప్పించాడు.

మొన్న బుధవారం మళ్లీ ఫోను. ఈసారి వేరే అమ్మాయి. "సర్, హెచ్‌పీసీఎల్ ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్లకి మంచి ఓపెనింగ్ ఉంది."

"ఏటండి ఉద్యోగం?"

"పెట్రోల్ బంకులో సూపర్‌వైజర్ సర్. నైట్ షిఫ్టు."

మావాడు వాళ్లావిడ వైపు ఒకసారి చూసి, జీతం ఎంతని అడిగాడు.