ఏడాదిలో తగ్గిన నలభై మరణాలు

1955లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో రోడ్డు ప్రమాదాల్లో 324 మంది చనిపోయారు. ఆ ఏడాది చివర్లో గవర్నర్ అబ్రహాం రిబికాఫ్ అతివేగంగా బండి నడిపేవాళ్ల లైసెన్సులు సస్పెండ్ చేయించడం మొదలుపెట్టారు. 1956లో మరణాలు 284కి తగ్గాయి. నలభై ప్రాణాలు దక్కాయని ప్రభుత్వం చెప్పుకుంది.

డొనాల్డ్ క్యాంప్‌బెల్, లారెన్స్ రాస్ అనే పరిశోధకులు 1968లో ఈ లెక్కను మళ్లీ విప్పారు. ముందరి ఏళ్ల అంకెలు వరసగా పెట్టి చూస్తే 1955 మామూలు ఏడాది కాదు, మరణాలు ఒక్కసారిగా పెరిగిన ఏడాది. అలా పెరిగిన అంకె ఎవరూ ఏమీ చేయకపోయినా మరుసటి ఏడు సాధారణంగా కొంత దిగుతుంది. అసలు చిక్కేమిటంటే, అంకె అంత పెరిగింది కాబట్టే ప్రభుత్వం కదిలింది. పరిస్థితి బాగా చెడినప్పుడే పథకాలు పుడతాయి. అందుకే నిన్నటికీ నేటికీ పోల్చే లెక్క దాదాపు ఎప్పుడూ పథకం వైపే మొగ్గుతుంది. పొరుగు రాష్ట్రాలతో కూడా పోల్చాక, ఆ తగ్గుదలంతా ఈ కఠిన చర్య వల్లేనని నమ్మకంగా చెప్పలేమని వాళ్లు తేల్చారు.

లాటరీ తీసి కొందరికే పథకం ఇవ్వడం కుదరనప్పుడు, పోల్చదగినవాళ్లను వెతికి పట్టుకునే ఇలాంటి పద్ధతులనే క్వాసీ ఎక్స్‌పెరిమెంట్లు అంటారు. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు పెంపుకు ముందూ తర్వాతా రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను సర్వే చేశారు. ఒక్కో హోటల్లో సగటు ఉద్యోగాలు న్యూజెర్సీలో 20.4 నుంచి 21కి పెరిగితే, పెన్సిల్వేనియాలో 23.3 నుంచి 21.2కి పడిపోయాయి. జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న భయానికి ఇక్కడ ఆధారం దొరకలేదు.

అయితే పెంపు లేకపోతే న్యూజెర్సీ కూడా పెన్సిల్వేనియా దారినే నడిచేదని ఒప్పుకుంటేనే ఈ లెక్క నిలబడుతుంది. వేరే డేటాతో వేరే ఫలితం చూపించినవాళ్లూ ఉన్నారు. ఆ వాదన ఏళ్ల తరబడి సాగింది. సాగడమే మంచిదైంది, ఎందుకంటే గొడవంతా అంకెల మీదే జరిగింది.

నా డిమాండ్ చిన్నది. చాలా పథకాలు అన్నిచోట్లా ఒకేరోజు మొదలవవు. ఏ ప్రాంతానికి ఏ తేదీన అందిందో, అంతకు ముందు ఐదారేళ్ల అంకెలతో సహా ప్రభుత్వాలు బయటపెట్టాలి. ఆలస్యంగా అందిన ప్రాంతాలే అప్పుడు పోలికకు పనికొస్తాయి.