"పండగలు కలుపుతయి, ర్యాలీలు విడదీస్తయి" అనే ఫార్వర్డ్‌కు నా జవాబు

కొన్ని రోజుల సంది ఒక మెసేజ్ మన దిక్కు గ్రూపులన్నిట్ల తిరుగుతుంది. కాలనీ గ్రూపుల వచ్చింది, టెన్త్ బ్యాచ్ గ్రూపుల వచ్చింది, ఆఖరికి పాలోళ్ల గ్రూపుల కూడా వచ్చింది. దాని సారం ఏందంటే, నల్గొండ మహబూబ్‌నగర్ లాంటి చిన్న ఊర్లల్ల గే ర్యాలీలు పెట్టనియ్యొద్దు, పండగలు అందరిని కలుపుతయి ర్యాలీలు విడదీస్తయి, ఇది చట్టానికి విరుద్ధం, ఫారిన్ సంస్కృతి, ఒక రోగం, పిల్లలు ఖరాబైతరు, అసలు మన దగ్గర ఇసొంటోళ్లు లేనే లేరు, కాబట్టి పండగ సీజన్‌ల వీళ్లకు పర్మిషన్ ఇయ్యొద్దని ఎస్పీకి వినతిపత్రం ఇద్దాం అని. ఏ ర్యాలీ, ఎవరు పెడుతున్నరు, ఏ తారీఖు అంటే మాత్రం అండ్ల ఎక్కడ లేదు. కింద రెండు దండాలు, నాలుగు దీపాలు, పది గ్రూపులకు పంపాలె అని ఆర్డర్.

చూసి వదిలేసేటోన్నే. కానీ సదువుకున్నోళ్లు, రోజూ పొద్దుగాల వాకింగ్‌ల కలిసేటోళ్లు కూడా దానికింద బొటనవేలు బొమ్మ పెడుతున్నరు. అందుకే ఒక్కొక్క ముచ్చట పట్టుకొని రాస్తున్న, పెద్దగైతది, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

ముందుగాల "చట్టానికి విరుద్ధం" అనేది. ఇది పచ్చి అబద్ధం కాబట్టి తొందరగ అయిపోతది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టుల ఐదుగురు జడ్జీలు, ఐదుగురూ ఒకటే మాట మీద, పద్దెనిమిదేండ్లు నిండిన ఇద్దరు ఇష్టపడి ఉంటే అది నేరం కాదని తేల్చేసిన్రు, అట్లాంటి సంబంధాన్ని నేరమన్న ఐపీసీ 377 సెక్షన్ ఆ మేరకు చెల్లదన్నరు. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అండ్ల ఆ సెక్షనే పెట్టలేదు. ఇంకొకటి, 377 గట్టిగ ఉన్న రోజులల్ల కూడా ర్యాలీ తీసుడు నేరం కాకుండె. కలకత్తాల 1999 జులై 2న పదిహేను మంది దాకా రోడ్డు మీద నడిచిన్రు, మన దేశంల మొదటి ప్రైడ్ వాక్ అని దాన్నే చెప్తరు, ప్రైడ్ అంటే ఈ ర్యాలీలకున్న పేరే. ఇప్పుడు 377 లేని కాలంల మనోళ్లు చట్టం చట్టం అంటున్నరు.

"ఫారిన్ సంస్కృతి" అనేదానికి నిజాం కాలంకు పోవాలె. నల్గొండైనా పాలమూరైనా అప్పుడు హైదరాబాద్ రాజ్యంలనే ఉండె కదా. 1919ల అక్కడ ఒక చట్టం తెచ్చిన్రు, హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టర్‌ల రాసుకుంటరు. రిజిస్టర్‌ల పేరున్న మనిషి చీర కట్టుకొనో నగలు పెట్టుకొనో రోడ్డు మీద కనపడ్డా, రోడ్డు మీద ఆడినా, వాయించినా వారెంటు లేకుండ పట్టుకపోవచ్చు, రెండేండ్ల దాకా జైలు. నిజాం పోయిండు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, ఆ చట్టం మాత్రం పుస్తకాలల్ల అట్లనే ఉండె. 2023 జులైల తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. వీధుల ఆడొద్దు అని చట్టం రాయాల్సి వచ్చిందంటేనే అప్పటికే ఇక్కడి వీధులల్ల ఆడేటోళ్లు ఉన్నట్టు కదా, లేని మనుషుల కోసం రిజిస్టర్ ఎవడు పెడతడు. 377 సంగతంటరా, అది ఇంగ్లీషోళ్లు 1860ల ఐపీసీల రాసిపెట్టిన సెక్షన్. ఫారిన్ అని తిట్టాలనుకుంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పురాణాల్ల కూడా చూడండి. వానలు పడకపోతే విరాటపర్వం చదివించుడు మన తెలుగోళ్లకు ఉన్న ఆనవాయితీ, కరువు ఎక్కువున్న మన పాలమూరోళ్లకు దీన్ని ఎవరూ కొత్తగ చెప్పనక్కర్లేదు. ఆ పర్వంల అర్జునుడు బృహన్నలగా ఏడాది పాటు విరాటుని కొలువుల ఉత్తరకు ఆట నేర్పిస్తడు. అది చదివితే వానొస్తది, ఊర్ల బృహన్నల నడిస్తే మాత్రం కరువొస్తదా? అట్లని అర్జునుడు గే అని నేను చెప్తలేను, శాపం కథ వేరే, ట్రాన్స్ వేరే (పుట్టినప్పుడు ఆడ, మొగ అని రాసింది తమది కాదనేటోళ్లు) గే వేరే (మొగోళ్లను ఇష్టపడే మొగోళ్లు), ఆ తేడా ఫార్వర్డ్ రాసినాయనకు కూడా తెల్వదు, అందరిని కలిపి ఒక్క బూతు మాటతోని పిలిచిండు, అది నేను రాయను. నిజానికి నాకు ఈ పురాణాల వాదం అంత ఇష్టం ఉండదు. పురాణంల ఉంది కాబట్టి హక్కు ఇయ్యాలె అంటే, రేపు ఇంకొకాయనొచ్చి పురాణంల లేదు కాబట్టి గుంజుకుంటం అంటడు. ఫారిన్ అన్నరు కాబట్టి చెప్పిన, అంతే.

ఇగ అసలు ముచ్చట, "పండగలు కలుపుతయి, ర్యాలీలు విడదీస్తయి". ఫార్వర్డ్ అంతట్ల మనోళ్లకు నచ్చిన లైను ఇదే, వినసొంపుగ ఉంది కదా. కానీ తెలంగాణల పుట్టినోళ్లు ఈ మాట ఎట్ల అంటరో నాకు అర్థం కాదు. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది, ఆ ఉద్యమం పొడుగునా మనం చేసిందేంది? రోడ్ల మీద వంటావార్పు, రోడ్ల మీద బతుకమ్మ. తంగేడు గునుగు పేర్చిన బతుకమ్మను తెచ్చి కలెక్టరేట్ ముంగట పెట్టి చుట్టూ ఆడితే అది పండగనా ధర్నానా? రెండూ. 2014ల రాష్ట్రం రాంగనే బతుకమ్మ బోనాలు రాష్ట్ర పండగలైనయంటే అట్ల రోడ్డెక్కినందుకే. అప్పుడు మనల్ని కూడా విడదీసేటోళ్లు అనే అన్నరు, అది యాది లేదా?

ఇంకో సంగతి, పండగ అందరిని కలుపుతది అనేది సగమే నిజం. బోనాల నాడు హిజ్రాలు బోనమెత్తుకొని వస్తే పక్కకు జరిగి తొవ్వ ఇస్తరు, పసుపు బొట్టు పెట్టించుకుంటరు, చిన్నపిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టించి దీవెన తీసుకుంటరు, వీడియో తీసి స్టేటస్ పెడతరు. సోమవారం నాడు అదే మనిషి రూము కిరాయికి అడిగితే "ఫ్యామిలీలకే ఇస్తం" అంటరు. సూర్యాపేట కాడి పెద్దగట్టు జాతరకు రెండేండ్లకోసారి లక్షల మంది పోతరు, గజ్జెల లాగులు, భేరీలు, ఓ లింగా అనే కేకలు, పండగంటే అదీ. ఒగ్గు కథల మొగాయన చీర కొంగు నెత్తి మీద కప్పుకొని ఎల్లమ్మ తల్లయి ఏడుస్తుంటే ముంగట కూసున్న ముసలోళ్లు కూడా కండ్లు తుడుచుకుంటరు. ఆ నడక, ఆ గొంతు అక్కడ కళ. అదే నడక బడిల పిల్లగానికి ఉంటే? వాని పేరు ఎవరికీ యాదుండదు, అందరికీ పెట్టుడు పేరే గుర్తుంటది.

కురుమూర్తి జాతరల ఉద్దాల ఉత్సవం తెలుసు కదా, దేవుని చెప్పులు చర్మకారులు నిష్ఠగా కుట్టిస్తరు, ఆ ఉద్దాలు తాకితే చాలని జనం ఎగబడతరు. కుట్టినోళ్ల కులానికి మాత్రం హోటళ్లల్ల వేరే గ్లాసు పెట్టిన రోజులు మన తెలంగాణ పల్లెలల్ల మన పెద్దోళ్లు కండ్లారా చూసిన్రు. ఆ గ్లాసు జాతరతోని పోలేదు, కొట్లాడితే పోయింది, చట్టం వస్తే పోయింది, ఇంకా కొన్ని జాగలల్ల పూర్తిగ పోనేలేదు. పండగ ఉంది కదా ఇంక ర్యాలీ ఎందుకు అనేటోళ్లకు ఇంతకంటే నేనేం చెప్పను.

బతుకమ్మనే తీసుకోండి. పువ్వు తెచ్చేది మొగపిల్లలే, గుట్టలెంబడి తిరిగి తంగేడు కోసుకొచ్చేది వాళ్లే, గునుగుకు రంగులద్దేటప్పుడు చేతులు ఎర్రగ చేసుకునేది వాళ్లే. ఏడెనిమిదేండ్ల దాకా అమ్మతోని తిరుగుకుంట చప్పట్లు కొట్టినా ఎవరు ఏమనరు, తర్వాత "నీకేం పనిరా ఇక్కడ" అని ఎల్లగొడతరు. చాలామంది పోరగాళ్లు సంతోషంగ ఉరికిపోతరు అనుకోండి. ఉరకనోడు ఒకడుంటడు, అరుగు మీద కూసొని చూస్తుంటడు. వాడు పెద్దగయినంక నన్ను నా తీరుగ బతకనియ్యండి అని ఒక అట్టముక్క పట్టుకొని నడిస్తే అది పండగను విడదీసుడు ఎట్లయితదో మెసేజ్ రాసినాయన చెప్పాలె.

ప్రైడ్ నడిస్తే పండగలు ఖరాబైతయి అంటరు కదా, అయిన ఊర్లు చూద్దాం. కేరళల మొదటి ప్రైడ్ పెద్ద సిటీల కాలేదు, 2010ల త్రిస్సూర్‌ల అయింది, పూరం పండగ జరిగే త్రిస్సూరే. 2012ల మదురైల అయింది, మీనాక్షమ్మ కల్యాణం జరిగే మదురై. పూరంకు ఏనుగులు రాకుండ పోయినయా, చిత్తిరై పండగకు జనం తగ్గిన్రా? మన హైదరాబాద్‌ల 2013 నుంచి ప్రైడ్ నడుస్తుంది, లష్కర్ బోనాలకు ఏం తక్కువైంది?

ట్రాఫిక్ జామ్ గురించి కూడా ఒక లైను ఉంది. దీనికి నాకు నవ్వొచ్చింది. నిమజ్జనం నాడు నల్గొండల వల్లభరావు చెరువు దిక్కు బండి మీద పోయొచ్చినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పండి. నేను నిమజ్జనం వద్దంటలేను, డీజే ముంగట ఎగిరినోన్నే. గడియారం సెంటర్ కాడ ఒక గంట సేపు యాభై మంది నడిస్తే ఊరు ఆగిపోతది అంటే మాత్రం అది ట్రాఫిక్ మీద ప్రేమ కాదు. ఫారిన్ ఫండ్స్ అనే మాటకు కూడా ఇక్కడే జవాబు, ఒక ఫ్లెక్సీ, రెండు డప్పులు, నీళ్ల ప్యాకెట్లు, దీనికి అమెరికా పైసలు అక్కర్లేదు, మన వినాయకుని చందా బుక్కుల సగం పేజీ చాలు.

"రోగం" అనేది. గే అయ్యుండుడును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న రోగాల లిస్టుల నుంచి తీసేసింది. మన దేశంల మానసిక వైద్యుల సంఘం కూడా ఇది జబ్బు కాదని చెప్పింది. 2022ల నేషనల్ మెడికల్ కమిషన్, మారుస్తమని చేసే ట్రీట్‌మెంట్‌ను వృత్తిపరమైన దుష్ప్రవర్తన అన్నది, అంటే మా పిల్లగాన్ని మార్చుమని మీరు తీస్కపోతే, మారుస్త అని పైసలు తీసుకున్న డాక్టర్ మీదనే కంప్లయింట్ ఇయ్యొచ్చు. డాక్టర్ కాకపోతే తాయెత్తులు, భూతవైద్యం, గదిల పెట్టి తాళమేసుడు, అవి ఈ మెడికల్ కమిషన్ కిందికి రావు, పిల్లల పాణం మీదికి మాత్రం వస్తయి.

"పిల్లలు ఖరాబైతరు" అనేదానికి ఎక్కువ రాయ. పద్దెనిమిది నిండని ఆడపిల్లనైనా మొగపిల్లగాన్నైనా ఎవరు ముట్టుకున్నా 2012 పోక్సో చట్టం ఉంది, 2018 తీర్పు పెద్దోళ్ల గురించే. చూస్తే అంటుకునేదైతే, పొద్దంత సీరియల్లల్ల మొగుడు పెండ్లాలనే చూసుకుంట పెరిగినోళ్లు వేరే తీరుగ ఎట్లయిన్రు?

"మన దగ్గర లేరు". దీని మీద ఆగాలె. చిన్న ఊర్ల మొదటి ప్రశ్న "ఎవరి పిల్లగానివి రా" అని. బస్టాండుల చాయ్ తాగితే సాయంత్రంకల్ల ఇంట్ల తెలుస్తది. అసొంటి కాడ ఎవడు బయటపడతడు? పనుల కోసం పాలమూరోళ్లు ముంబై దాకా వలసపోయినట్టే, వీళ్లు ఇంటర్ అయిపోంగనే కోచింగ్ అని, జాబ్ అని దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు, ఎల్బీనగర్ రూములకు పోతరు, దసరాకు సంక్రాంతికి వస్తరు, "పెండ్లెప్పుడు" అంటరు, సెలవులు అయిపోకముందే బస్సెక్కుతరు. లేరు అనుకునుడు మనకు సులువు. పెద్ద సిటీలల్లనే మొదట్ల ప్రైడ్‌కు వచ్చినోళ్లు చాలామంది మొఖానికి మాస్కులు పెట్టుకొని నడిచేటోళ్లు, టీవీల అమ్మానాన్న చూస్తరని. నల్గొండల ఎంతమంది రావాలె అని లెక్కేసుడే తప్పు.

పోలేనోళ్ల సంగతి ఇంకా ఘోరం. పిల్లగాడు వద్దు వద్దంటుంటే పెండ్లి చేసేస్తరు, పెండ్లయితే అదే సెట్ అయితది అని. కట్నం మాట్లాడుకుంటరు, ఫంక్షన్ హాల్ బుక్ చేస్తరు, వచ్చే అమ్మాయికి మాత్రం ఒక్క ముక్క చెప్పరు. ఏడాది రెండేండ్లకు కడుపు పండలేదని మాటలు పడేది ఆమెనే, డాక్టర్ల చుట్టూ తిరిగేది ఆమెనే, పుట్టింటికి వస్తే "సర్దుకపో బిడ్డా" అనిపించుకునేది ఆమెనే. సంస్కృతి, కుటుంబం అని మెసేజ్‌ల ఇన్నిసార్లు రాసిన్రు కదా, ఈ అమ్మాయి ఏ కుటుంబంల లెక్కకు వస్తది?

ఒక్క పాయింటుల ఫార్వర్డ్ సగం కరెక్టే, ఒప్పుకుంట. వాళ్ల పెండ్లిళ్లకు మన దేశంల చట్టం లేదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు పెండ్లి చేసుకునుడు ప్రాథమిక హక్కు కాదన్నది, అది పార్లమెంటు పని అని చెప్పింది. అయితే అదే నోటితోని వాళ్ల మీద వివక్ష ఉండొద్దన్నది, అది మెసేజ్‌ల కట్ అయింది. పైగా చట్టం లేదు కాబట్టి అడగొద్దు అనే రూలు ఎక్కడిది, లేనిదే కదా అడిగేది. మన ఉమ్మడి పాలమూరు మనిషి రేవంత్ రెడ్డి సీఎంగా ఉన్నప్పుడే 2024 డిసెంబర్‌ల హైదరాబాద్ ట్రాఫిక్‌ల 39 మంది ట్రాన్స్‌జెండర్లను డ్యూటీకి తీసుకున్నరు. సిగ్నల్ కాడ వాళ్లు చెయ్యి చూపిస్తే మన బండ్లు ఆగుతున్నయి.

ఆఖరుది వినతిపత్రం. ఇచ్చుకోండి, అది మీ హక్కు. కానీ ఎస్పీ ఏం చేయగలడో తెలుసుకొని ఇయ్యండి. జిల్లాల 30 యాక్ట్ పెట్టినమని పేపర్ల చూస్తుంటరు కదా, 1861 నాటి పోలీస్ యాక్ట్, దాని ప్రకారం ఊరేగింపు ఏ తొవ్వన పోవాలె, ఏ టైముకు పోవాలె, సౌండ్ ఎంత అని షరతులు పెట్టొచ్చు. రోడ్ల మీద సభలు పూర్తిగ బంద్ పెట్టే అధికారం మాత్రం ఉండదని సుప్రీంకోర్టు 1972లనే అహ్మదాబాద్ కేసుల చెప్పింది. కొందరికి నచ్చదు అనే కారణం ఏ షరతులకిందికీ రాదు, నచ్చుడు నచ్చకపోవుడు చూస్తే మన జిల్లాల ఏ పార్టీ మీటింగూ జరగదు. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రమే ర్యాలీ పెడితే, ఆ ఒక్క రోజు మార్చుకోండి అని అడుగుడు న్యాయమే, ఆ అడిగేదేదో ఎవరి ర్యాలీనైనా అట్లనే అడగాలె, వినతిపత్రంల అది రాయండి, నేను కూడా సంతకం పెడత.