ఫ్లాట్ ట్యూబ్ టీవీకి రిపేరే రాలేదా?

వాట్సాప్ గ్రూపుల్లో పాత టీవీ ఫొటో ఒకటి, దాని కింద పెద్ద పొగడ్త తిరుగుతున్నాయి. సారం ఇదీ: 2000 ప్రాంతంలో కొన్న ఫ్లాట్ ట్యూబ్ టీవీకి ఇరవై ఏళ్లు రిపేరన్నదే లేదు, తెర చదును కాబట్టి బొమ్మ మూలల్లోనూ వంకర పోదు, ఆ బొమ్మ ముందు ఇప్పటి ఫోర్‌కే టీవీలు దిగదుడుపే, కళ్లకూ అదే మంచిది, ఇంట్లో ఉంటే అమ్ముకోవద్దు. ఇందులో నిజాలు లేకపోలేదు. అయితే పొగిడింది ఒకచోట, నిజం మరోచోట.

చదును సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది పూర్తిగా తలకిందుల మాట. పిక్చర్ ట్యూబు మెడలోంచి వచ్చే ఎలక్ట్రాన్ పుంజాన్ని మెడ చుట్టూ ఉన్న తీగచుట్ట అటూ ఇటూ తిప్పుతుంది. గాజు గుండ్రంగా ఉంటే నడిమధ్యకీ మూలలకీ పుంజం ప్రయాణించే దూరంలో తేడా తక్కువ. చదును చేశారంటే మూలలు ఇంకా దూరమవుతాయి. అప్పుడు బొమ్మ మూలల్లో బయటికి లాగినట్టు సాగుతుంది, అంచులు లోపలికి వంగుతాయి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పుంజాలు ఒకేచోట కలవవు. అంటే వంకరను తెచ్చిపెట్టిందే చదును. దాన్ని సరిచేయడానికి సెట్లో అదనపు సర్క్యూట్లు పెట్టాల్సి వచ్చింది. 21 అంగుళాల సెట్లో ఇది అంతగా కనపడేది కాదు. 29 అంగుళాల సెట్లో క్రికెట్ చూసినవాళ్లు కింది మూలనున్న స్కోరు అంకెలను గుర్తు చేసుకోండి, తెల్ల అంకెకు ఒక పక్క ఎర్రటి అంచు, ఇంకో పక్క నీలం అంచు ఉండేవి.

బరువుకూ కొంత కారణం అదే. ట్యూబు లోపల శూన్యం, బయట గాలి ఒత్తిడి. గుండ్రటి గాజు ఆ ఒత్తిడిని సులువుగా ఓర్చుకుంటుంది, చదును గాజును మందంగా పోయాలి. 29 అంగుళాల ఫ్లాట్ సెట్లు నలభై కిలోలు దాటడం మామూలే.

మరి చదునుతో లాభమే లేదా? ఉంది. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుగు తెర మీద పడి మెరవడం బాగా తగ్గింది, పక్కన కూర్చున్నవాళ్లకూ బొమ్మ సరిగ్గా కనిపించింది. పైగా ఫ్లాట్ అన్న ప్రతి ట్యూబూ ఒకటి కాదు. 1968లో వచ్చిన సోనీ ట్రినిట్రాన్ తెర మొదటినుంచీ నిలువుగా తిన్నగానే ఉండేది, తర్వాతి వేగా సెట్లలో అడ్డంగా కూడా చదునైంది. ఆ ట్యూబు లోపల పుంజాన్ని సరైన రంగు మీదికి వదిలే నిలువు పట్టీలు అదరకుండా పట్టుకునే సన్నటి తీగల నీడ తెర మీద అడ్డగీతలా లీలగా కనిపిస్తుంది. అది లోపం కాదు, ఆ నిర్మాణమే అంత. మరికొన్ని కంపెనీల ట్యూబులు బయటికి మాత్రమే చదును, గాజు లోపలి వైపు కొద్దిగా వంపు.

ఇక బొమ్మ. ఫోర్‌కే టీవీలో పాత చానల్ మసకగా ఉంటుందన్నది నిజమే, తప్పు మాత్రం టీవీది కాదు. మన పాత ప్రసారంలో కనిపించే గీతలు 576. డిజిటల్‌లో అది 720 గుణించి 576, అంటే సుమారు 4.15 లక్షల చుక్కలు. ఫోర్‌కే తెర మీద సుమారు 83 లక్షలు. ఒక్క చుక్క ఇరవై చుక్కల చోటు నింపాలి. పైగా 55 అంగుళాల తెర వైశాల్యం 21 అంగుళాల ట్యూబుకు ఆరు రెట్ల పైమాటే. చిన్న తెరలో దాగిన మసక ఇక్కడ బయటపడుతుంది. మంచి హెచ్‌డీ ప్రసారం రెండిట్లోనూ పెట్టి చూడండి, వాదన అక్కడితో సరి.

ట్యూబు గెలిచే చోట్లు రెండున్నాయి, వాటిని మాత్రం ఆ మెసేజ్ రాసినవాళ్లు ఎత్తనే లేదు! ఒకటి కదలిక. ఎల్‌సీడీ తెర ఒక్కో ఫ్రేమును తర్వాతిది వచ్చేదాకా అలాగే పట్టి ఉంచుతుంది, మన కన్ను బంతి వెంట పరుగెడుతుంది, బంతి చెరిగినట్టవుతుంది. ట్యూబులో ప్రతి చుక్కా ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది కాబట్టి బంతి బంతిలాగే ఉంటుంది. రెండోది నలుపు. పుంజం లేనిచోట వెలుగే లేదు. ఎల్‌సీడీకి వెనక లైటు ఎంతోకొంత కారుతుంది. అయితే ట్యూబు నలుపు చీకటి గదిలోనే, పగలు తలుపులు తీస్తే బూడిదరంగే. వెనక లైటు లేకుండా ప్రతి చుక్కా తనే వెలిగే ఓఎల్‌ఈడీ వచ్చాక ఈ రెండో గెలుపూ పోయింది.

కళ్లకు మంచిదన్నదానికి ఆధారమేమీ కనపడదు. సెకనుకు 50 సార్లు మిణుకుమనే తెర అది. తెల్లటి దృశ్యంలో ఆ అదురు తెలుస్తుందనే 100 హెర్ట్జ్ సెట్లు తెచ్చారు.

అసలు పేచీ రిపేరు దగ్గర. 21 అంగుళాల సెట్లోనూ పాతిక వేల వోల్టుల దాకా పుట్టించాలి. ఆ పని చేసే ఎల్‌ఓటీ (లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్) పోవడం, దానితో పాటు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలడం, వేడికి కెపాసిటర్లు ఎండిపోవడం, డ్రై సోల్డర్ పట్టి, అంటే టంకం అతుకు వదిలి, బొమ్మ వచ్చీ పోయీ ఆడటం, ఇవన్నీ ప్రతి మెకానిక్‌కూ రోజువారీ పనులు. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో తేమకు ట్యూబు వెనక సాకెట్లో కరెంటు లీకై, టీవీ పెట్టిన కాసేపటిదాకా బొమ్మ మసకగా ఉండేది. పిడుగు పడితే కేబుల్ తీగ వెంటే లోపలికొచ్చేది. వయసు మీరిన ట్యూబులో ఎరుపు తగ్గి మనుషులు పాలిపోయేవారు. అప్పుడు మెకానిక్ ట్యూబు మెడలో ఎలక్ట్రాన్లు పుట్టించే హీటరుకు కాస్త ఎక్కువ వోల్టేజీ ఇచ్చి కొన్నాళ్లు నెట్టుకొచ్చేవాడు. కరెంటు హెచ్చుతగ్గులకు స్టెబిలైజర్ పెట్టుకున్న ఇళ్లూ ఉండేవి.

రిపేరు రాలేదన్నది భ్రమ. వచ్చింది, వీధి చివర షాపులో అయిపోయింది, ఖర్చు గుర్తులేదు. పోయిన సెట్లు పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కాయి, మిగిలినవాటికే ఇప్పుడు ఫొటోలు. ఇరవై ఏళ్ల ఆయుష్షులో సగం ఆ మెకానిక్‌ది.

ఇప్పటి టీవీకి ప్యానెల్ పగిలితే కొత్తది కొన్నంత ఖర్చన్న ఫిర్యాదు మాత్రం న్యాయమే. కానీ మాట వినిపిస్తూ బొమ్మ రాకపోతే వెంటనే పారేయకండి. చీకట్లో టార్చి తెరకు దగ్గరగా పట్టి చూడండి. బొమ్మ లీలగా కనిపిస్తే పోయింది వెనక లైటు వరస. అది మార్చగలిగిన వస్తువే.

పాత సెట్టు అమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. పాత వీడియో గేములు ఆడేవాళ్లు ఇప్పటికీ వాటిని వెతుక్కుంటారు, తెర మీదికి గురిపెట్టే ఆనాటి తుపాకీ ఆటలు ట్యూబు మీదే పనిచేస్తాయి మరి. అమ్మకపోతే వెనక మూత మాత్రం విప్పకండి, తీగ పీకేసినా ట్యూబులో కరెంటు నిలిచి ఉంటుంది. రాగి కోసం దాని మెడ విరగ్గొట్టేవాళ్ల చేతికీ ఇవ్వకండి, ఆ గాజులో సీసం ఉంది. ఈ-వ్యర్థాలు తీసుకునే చోటికే పంపాలి.