నిమ్మచెక్కతో వంటగట్టు కొత్తదవుతుందా?

పర్లాకిమిడిలో మా చుట్టాల ఫోన్లన్నిటిలోనూ ఒకటే వీడియో తిరుగుతోంది: పాత వంటగట్టు మార్చొద్దు, 500 పెట్టి మార్బుల్ డిజైన్ స్టిక్కర్ అంటిస్తే 10 ఏళ్లు ఢోకా లేదు, మరకలుంటే ఏ రాయికైనా నిమ్మచెక్క రుద్దండి, కాదంటే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పోస్తే గట్టిపడే పూత) పోసుకోండి, గ్రానైట్ జోలికి మాత్రం పోవద్దు. పంపినవాళ్లలో మా పెదనాన్న కూడా ఉన్నారు, అందుకే కాస్త ఓపిగ్గా రాస్తున్నా.

ఆ స్టిక్కర్లు ఎక్కువగా పీవీసీ అనే ప్లాస్టిక్‌వే. 80 డిగ్రీలకే మెత్తబడిపోయే సరుకు మీద, లోపల 120 డిగ్రీల దాకా కాగిన కుక్కర్ దింపితే ఏమవుతుంది? గుండ్రంగా మచ్చ పడుతుంది. సింకు పక్కన అంచు లేచి, నీళ్లు దూరి, వెనకాలే బొద్దింకలు. మా వదిన వేసింది, దీపావళికి మెరిసింది, సంక్రాంతికి పీకేసి రెండు రోజులు జిగురు గీక్కుంది. అద్దె ఇంట్లో, స్టౌకు దూరంగా అయితే వేసుకోండి, నేనేమీ అనను.

నాకు ఒళ్లు మండేది నిమ్మచెక్క దగ్గర. మన వైపు పాత ఇళ్లలో చాలా గట్లు నల్ల కడప రాయివే, అది సున్నపురాయి, మార్బుల్‌దీ అదే గుణం, పులుపు తగిలితే కరుగుతుంది. చింతపండు పులుసు ఒలికిన చోట తెల్లగా, గరుగ్గా కనిపించేది మరక కాదండీ, రాయి పైపొర పోయిన చోటు. దానిమీద మళ్లీ నిమ్మకాయా! గ్రానైట్ అయితే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ లాంటి గట్టి ఖనిజాలది కాబట్టి పులుపుకి అంత తొందరగా లొంగదు. మీది ఏ రాయో తెలియకపోతే కనపడని మూల ఒక్క చుక్క నిమ్మరసం వేసి కాసేపాగి తుడవండి, మెరుపు పోయిందంటే నిమ్మకాయ పులిహోరకి దాచుకోండి.

ఎపాక్సీ చెడ్డదేం కాదు గానీ పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది, అన్నాళ్లు వంటెక్కడ? వానాకాలం తేమలో పోస్తే పైన జిడ్డు పొర కూడా కడుతుంది.

ఇక గ్రానైట్. నీలి గ్రానైట్‌కి పేరున్న టెక్కలి మనకి పక్కనే, స్టౌ కింద పరిచేంత మిగులు ముక్క అడిగితే పెద్ద పలక కొనక్కర్లేదు. అసలు అంతకన్నా ముందు పాలిష్ మిషన్ ఉన్న మేస్త్రీని పిలిచి పాత రాయినే అరగదీయించి, సందులు పూడ్పించి, మరకలు లోపలికి ఇంకకుండా సీలర్ పూత వేయించండి. అమ్మ గట్టుకి మేం చేయించింది అదే. ఇల్లంతా నల్లబురద, తుడవలేక చచ్చాం. ఇప్పుడు ఆ రాయిలో ట్యూబ్‌లైట్ కనిపిస్తోంది.